సుత్తి తుపాకిలో ఫైరింగ్ పిన్ : పనితీరు, సంరక్షణ, చట్టం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 సుత్తి తుపాకి పుట్టుక
1.3 పిన్ పనిచేసే తీరు
1.4 అనంతపురం పీఠభూమిలో పిన్ ఎందుకు చెడుతుంది?
1.5 పేలిన తూటా చెప్పే సంగతులు
1.6 యజమాని చేయదగిన సంరక్షణ
1.7 యజమాని చేయకూడని పనులు
1.8 చట్టం ఏమంటుంది?
1.9 సారాంశం
1.10 కీలక పదాలు
1.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• సుత్తి తుపాకిలో ఫైరింగ్ పిన్ స్థానాన్ని, దాని పనితీరును వివరించగలరు.
• పిన్ ఇరుక్కుపోవడానికి, అరిగిపోవడానికి గల కారణాలను స్థానిక వాతావరణంతో ముడిపెట్టి చెప్పగలరు.
• పేలిన తూటా అడుగున ఉన్న గుర్తును బట్టి లోపాన్ని గుర్తించగలరు.
• శుభ్రపరచడానికీ, మరమ్మతుకూ మధ్య ఉన్న సాంకేతిక, చట్టపరమైన తేడాను తెలుసుకోగలరు.

1.1 పరిచయం

అనంతపురం ప్రాంతంలో వేరుశనగ పండించే కుటుంబాల్లో పుట్టినవారికి రాత్రి కాపలా అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. జూన్, జులై నెలల్లో విత్తిన చేను కాయ పట్టే సమయానికి అడవిపందులు వస్తాయి. ఒక్క రాత్రిలో సాళ్లకు సాళ్లు తవ్విపోస్తాయి. అందుకే కొందరు రైతులు పంట రక్షణ కోసం లైసెన్సు తీసుకుని తుపాకి ఉంచుకుంటారు. అలాంటి తుపాకుల్లో కొన్ని తాతల నాటివి. గొట్టాల వెనుక, బయటికి కనిపించేలా రెండు సుత్తులు ఉంటాయి. ఆంగ్లంలో హామర్ అనే ఈ భాగాన్ని తెలుగులో ‘గుర్రం’ అని కూడా అంటారు. హిందీలో ‘ఘోడా’ అన్నదీ ఇదే.

ఇలాంటి తుపాకి సంవత్సరంలో ఎక్కువ కాలం గోడకో, పెట్టెలోనో ఉంటుంది. పంట కాలంలో రెండు మూడు నెలలు మాత్రమే బయటికి వస్తుంది. గొట్టాన్ని తుడవడం చాలామందికి తెలుసు. చెక్కకు నూనె రాయడం కూడా తెలుసు. కాని కంటికి సరిగా కనిపించని ఒక చిన్న ఉక్కు ముక్కను ఎవరూ పట్టించుకోరు. అదే ఫైరింగ్ పిన్. అది సరిగా కదలకపోతే రెండు రకాల ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది, అవసరమైనప్పుడు తుపాకి పేలదు. రెండవది ఇంతకంటే తీవ్రమైనది: ఎవరూ మీట నొక్కకుండానే పేలుతుంది. ఈ రెండవ ప్రమాదం ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడమే ఈ భాగంలో ముఖ్యమైన అంశం.

1.2 సుత్తి తుపాకి పుట్టుక

రాయలసీమకు తుపాకి కొత్తది కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా పాలన సాగించాడు. పాలెగాళ్ల సాయుధ బలాన్ని అణచివేయడం అతని తొలి పనుల్లో ఒకటి. ఆ కాలపు తుపాకులు గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరి పేల్చేవి. వాటిలో ఫైరింగ్ పిన్ అనే భాగమే లేదు. వత్తితోనో, చెకుముకి రాతితోనో, ఆ తరవాత చిన్న రాగి టోపీతోనో మందు అంటుకునేది.

1830లలో ఫ్రాన్సుకు చెందిన లెఫొషే వెనుక నుంచి తూటా పెట్టే తుపాకిని ప్రచారంలోకి తెచ్చాడు. అతని తూటా పక్క నుంచి ఒక చిన్న పిన్ను బయటికి పొడుచుకుని ఉండేది. సుత్తి ఆ పిన్ను మీద పడితే తూటా పేలేది. గమనించండి: ఇక్కడ పిన్ను తూటాలో ఉంది. ప్రతి తూటాతో పాటు కొత్త పిన్ను వచ్చేది. కాబట్టి దాన్ని సంరక్షించాల్సిన అవసరం లేదు.

1860ల ఆరంభంలో ఇంగ్లండులో తూటా అడుగు మధ్యలో ప్రైమర్ ఉండే పద్ధతి స్థిరపడింది. అప్పుడు పిన్ తూటాను వదిలి తుపాకిలోకి వచ్చింది. ఒకే పిన్ వేల దెబ్బలు తినాల్సి వచ్చింది. దాన్ని సంరక్షించాల్సిన అవసరం అక్కడి నుంచే మొదలైంది.

1867లో వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన జాన్ స్టాంటన్ ‘రీబౌండింగ్’ యంత్రాంగానికి పేటెంటు పొందాడు. ఇందులో సుత్తి దెబ్బ కొట్టిన వెంటనే తనంతట తానే కొద్దిగా వెనక్కు వస్తుంది. 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు సుత్తిని లోపలికి మార్చిన నమూనాను తెచ్చారు. ఆ తరవాత బయటి సుత్తుల తుపాకులు క్రమంగా పాతబడ్డాయి. అయినా వాటి తయారీ వెంటనే ఆగిపోలేదు. అందువల్ల సుత్తులు బయటికి కనిపించినంత మాత్రాన తుపాకి వయసును నిర్ణయించలేం.

1.3 పిన్ పనిచేసే తీరు

బయటి సుత్తి ఉన్న 12 బోరు తుపాకిని ఉదాహరణగా తీసుకుందాం. పేలుడు జరిగే క్రమం ఇది:

(అ) బొటనవేలితో సుత్తిని వెనక్కు లాగితే లోపలి ప్రధాన స్ప్రింగు బిగుస్తుంది.
(ఆ) మీట నొక్కితే పట్టు వదిలి సుత్తి ముందుకు దూకుతుంది.
(ఇ) సుత్తి పిన్ తల మీద కొడుతుంది.
(ఈ) పిన్ మొన వెనుక పలకలోని రంధ్రం గుండా ముందుకు వచ్చి ప్రైమర్‌ను నొక్కుతుంది.
(ఉ) ప్రైమర్‌లోని రసాయనం నిప్పు పుట్టించి మందును అంటిస్తుంది.

మొన ముందుకు వచ్చే దూరం చాలా తక్కువ. సాధారణంగా ఒక మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. తక్కువైతే ప్రైమర్ పేలదు. ఎక్కువైతే చిల్లు పడుతుంది. మొన సూదిలా ఉండకూడదు. అర్ధగోళంలా గుండ్రంగా, నున్నగా ఉండాలి. ప్రైమర్‌ను నొక్కడమే పిన్ పని, గుచ్చడం కాదు.

సుత్తులు గొట్టాల పక్కగా ఉంటాయి, ప్రైమర్ గొట్టం మధ్యలో ఉంటుంది. అందువల్ల సుత్తి తుపాకుల్లో పిన్‌ను ఏటవాలుగా అమరుస్తారు. దెబ్బ ఏటవాలుగా పడుతుంది కాబట్టి కాలక్రమంలో పిన్ రంధ్రం ఒక పక్కకు అరుగుతుంది.

రెండు రకాల యంత్రాంగాలు

రీబౌండింగ్ ఉన్న తుపాకిలో దెబ్బ తరవాత సుత్తి వెనక్కు జరుగుతుంది. పిన్‌కు వెనక్కు పోవడానికి చోటు దొరుకుతుంది. కొన్నింటిలో పిన్ చుట్టూ చిన్న స్ప్రింగు ఉండి దాన్ని వెనక్కు నెడుతుంది. కొన్నింటిలో స్ప్రింగు ఉండదు, పిన్ వదులుగా కదులుతూ ఉంటుంది.

రీబౌండింగ్ లేని పాత రకంలో సుత్తి దెబ్బ కొట్టిన చోటే ఆగి పిన్‌ను ముందుకు నొక్కిపట్టి ఉంచుతుంది. తుపాకిని తెరవాలంటే ముందుగా సుత్తిని సగం వరకు ఎత్తాలి. దీన్నే ‘సగం పట్టు’ అంటారు. అలా ఎత్తకుండా బలవంతంగా తెరిస్తే ప్రైమర్‌లో దిగబడిన మొన వంగుతుంది, లేదా విరుగుతుంది.

ప్రమాదం ఎక్కడ ఉంది?

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించండి. ఎండిన నూనె, దుమ్ము వల్ల పిన్ ముందుకు వచ్చిన స్థితిలోనే ఇరుక్కుపోయింది. రాత్రి చీకట్లో రైతు తూటా పెట్టి తుపాకిని ఠక్కున మూశాడు. పొడుచుకుని ఉన్న మొనకు ప్రైమర్ వేగంగా తగిలింది. సుత్తి కదలలేదు, మీట మీద వేలు లేదు. అయినా తూటా పేలవచ్చు. మూసే సమయంలో గొట్టం ఎటు చూస్తుందో, అక్కడ ఎవరు ఉంటారో ఆలోచించండి. పక్కన కాపలాకు వచ్చిన కొడుకో, తమ్ముడో ఉండవచ్చు. రీబౌండింగ్ లేని తుపాకిలో సగం పట్టుకు ఎత్తకుండా మూసినా ఇదే ప్రమాదం ఉంది. ‘పిన్ కదులుతోందా?’ అనే చిన్న పరీక్షకు అంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

1. లెఫొషే తూటాకు, ప్రైమర్ మధ్యలో ఉండే తూటాకు పిన్ విషయంలో ఉన్న తేడా ఏమిటి?
2. పిన్ మొన గుండ్రంగా ఎందుకు ఉండాలి?

1.4 అనంతపురం పీఠభూమిలో పిన్ ఎందుకు చెడుతుంది?

అనంతపురం పడమటి కనుమల వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉంది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. గాలి పొడిగా ఉంటే ఇనుము తుప్పు పట్టదు కదా అని మీరు అనుకోవచ్చు. అది సగం మాత్రమే నిజం. ఇక్కడ నాలుగు కారణాలు కలిసి పనిచేస్తాయి.

దుమ్ము: ఎర్ర ఇసుక నేలల మీద గాలి వీచినప్పుడు లేచే సన్నని దుమ్ము పిన్ రంధ్రంలోకి చేరుతుంది. నూనెతో కలిస్తే అది సానపట్టే ముద్దలా మారి పిన్‌నూ, రంధ్రాన్నీ అరగదీస్తుంది.

వంటనూనెలు: ఇంట్లో ఉన్న వేరుశనగ నూనెనో, కొబ్బరి నూనెనో తుపాకికి రాయడం ఒక అలవాటు. వేరుశనగ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా చర్య జరిపి నెలల తరబడి నిలవ ఉంటే జిగురుగా మారుతుంది. వేడిలో ఈ మార్పు త్వరపడుతుంది. ఇక్కడి వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి. కొబ్బరి నూనె సంగతి వేరు. అది అంత త్వరగా జిగురు పట్టదు, కాని సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు రాత్రుల్లో పీఠభూమి మీద ఉష్ణోగ్రత 20 డిగ్రీల కంటే దిగువకు పోతుంది. అంటే పగలు తేలిగ్గా కదిలిన పిన్ రాత్రి చేనులో మొరాయించవచ్చు. మధ్యాహ్నం పరీక్షించి ‘బాగానే ఉంది’ అనుకున్నవారు మోసపోయేది ఇక్కడే.

పేలుడు మడ్డి: పాతకాలపు ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలిన తరవాత మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పు వంటిది. గాలిలో తేమ పెరిగినప్పుడు దాన్ని పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. నల్లమందు మడ్డి కూడా ఇలాగే తేమను పట్టి ఉంచుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు పడేటప్పుడు ఈ తుప్పు మొదలవుతుంది. అదే కాలంలో తుపాకి అవసరం కూడా ఎక్కువ.

కదలిక లేకపోవడం: ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించాల్సి రావడం ఇక్కడివారికి అనుభవమే. తిరిగి చేతికి వచ్చేసరికి వారాలు, నెలలు గడుస్తాయి. కొందరు ఇంట్లోనే తోలు సంచిలో పెట్టి మరిచిపోతారు. తోలు, గుడ్డ తేమను పట్టి ఉంచుతాయి. కాబట్టి ఎక్కువ కాలం కదలకుండా ఉన్న తుపాకిని మొదట పరీక్షించాలి, ఆ తరవాతే చేనుకు తీసుకుపోవాలి.

1.5 పేలిన తూటా చెప్పే సంగతులు

పిన్ ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి తుపాకిని విప్పనవసరం లేదు. తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను చూస్తే చాలు.

నిండు గుంట, మధ్యలో: పిన్ సరిగా ఉంది.

లోతు తక్కువ గుంట: పిన్ మడ్డితో బరువెక్కి ఉండవచ్చు, మొన అరిగి ఉండవచ్చు, లేదా ప్రధాన స్ప్రింగు నీరసించి ఉండవచ్చు. శుభ్రం చేసిన తరవాత గుంట లోతు పెరిగితే లోపం మడ్డిదే. పెరగకపోతే నిపుణుడికి చూపించాలి. గొట్టాలకూ వెనుక పలకకూ మధ్య సందు ఏర్పడినా ఇదే గుర్తు కనిపిస్తుంది. పిన్ దెబ్బకు తూటా ముందుకు జరిగి దెబ్బ బలం తగ్గుతుంది. ఇది పిన్ లోపం కాదు, అంతకంటే పెద్ద లోపం.

ఒక పక్కకు పడిన గుంట: రంధ్రం అరిగింది, లేదా పిన్ వంగింది.

గుంట నుంచి పక్కకు గీత: తుపాకి తెరిచేటప్పుడు మొన వెనక్కు పోలేదు. అంటే పిన్ ఇరుక్కుంటోంది. పైన చెప్పిన ప్రమాదానికి ఇది ముందస్తు హెచ్చరిక.

చిల్లు పడిన ప్రైమర్: మొన పదునుగా, లేదా పొడవుగా ఉంది. వేడి వాయువు పిన్ రంధ్రం గుండా వెనక్కు, అంటే గురిచూసేవారి కంటి వైపు వస్తుంది. అలాంటి తుపాకిని ఆ క్షణం నుంచి వాడకూడదు.

తూటా పేలకపోతే ఏం చేయాలి? వెంటనే తెరవకూడదు. కొన్నిసార్లు మందు ఆలస్యంగా అంటుకుంటుంది. గొట్టాన్ని మనుషులు, పశువులు లేని వైపు ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ తరవాతే తెరిచి తూటాను తీయాలి. దాన్ని మళ్లీ పేల్చడానికి ప్రయత్నించకూడదు.

1.6 యజమాని చేయదగిన సంరక్షణ

లైసెన్సుదారు తన తుపాకిని శుభ్రంగా ఉంచుకోవడం ఆయన బాధ్యత. ఈ క్రింది క్రమాన్ని పాటించాలి.

1. తుపాకిని తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తాకి నిర్ధారించుకోవాలి. తూటాలను వేరే గదిలో ఉంచాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు.

2. ముందు చెక్కను, ఆ తరవాత గొట్టాలను వేరుచేయాలి. ఇప్పుడు వెనుక పలక మీద రెండు పిన్ రంధ్రాలు కనిపిస్తాయి.

3. పలకను పొడి గుడ్డతో తుడవాలి. సుత్తిని ఎత్తి, అది జారి పడకుండా బొటనవేలితో గట్టిగా పట్టుకోవాలి. మీటను తాకకూడదు.

4. చిన్న చెక్క పుల్లతో బయటి వైపు నుంచి పిన్ తలను నొక్కాలి. మొన పలక నుంచి నున్నగా బయటికి రావాలి. స్ప్రింగు ఉన్న రకమైతే వదలగానే వెనక్కు పోవాలి. స్ప్రింగు లేని రకమైతే వేలితో మెల్లగా తాకగానే వెనక్కు పోవాలి. ఎక్కడ పట్టేసినా అది శుభ్రం చేయాల్సిన పిన్.

5. రంధ్రం దగ్గర ఒకటి రెండు చుక్కల కిరోసిన్ వేసి కొంతసేపు ఆగాలి. పిన్‌ను పలుమార్లు ముందుకు వెనక్కు ఆడించాలి. నల్లగా కారే మడ్డిని తుడవాలి. కారేది తేటగా వచ్చే వరకు ఇలా చేయాలి. దగ్గరలో దీపం, పొయ్యి ఉండకూడదు.

6. కిరోసిన్ పూర్తిగా ఆరిన తరవాత కుట్టుమిషను నూనెను పుల్ల కొనతో ఒక చుక్క మాత్రమే అంటించాలి. ఇది ఖనిజ నూనె కాబట్టి జిగురుగా మారదు. మిగిలిన తడిని తుడవాలి. ఎక్కువ నూనె అంటే ఎక్కువ దుమ్ము అని గుర్తుంచుకోండి.

7. సుత్తిని బొటనవేలి పట్టుతో మెల్లగా దించాలి. తుపాకిని బిగించి తోలు సంచిలో కాకుండా పొడిగా, తాళం ఉన్న చోట భద్రపరచాలి.

పంట కాలానికి ముందు ఒకసారి, వానలు ముగిశాక ఒకసారి, పోలీసు స్టేషను నుంచి తిరిగి తెచ్చుకున్నప్పుడు ఒకసారి ఈ పని చేస్తే చాలు. తుపాకిని ఉపయోగించిన ప్రతిసారీ వెనుక పలకను తుడవాలి.

1.7 యజమాని చేయకూడని పనులు

ఖాళీగా పేల్చి చూడటం: తూటా లేనప్పుడు పిన్ దెబ్బను ఆపేది ఏదీ ఉండదు. పాత ఉక్కు పిన్ మొన విరుగుతుంది. పరీక్ష తప్పనిసరైతే స్ప్రింగు ఉన్న డమ్మీ తూటాలను వాడాలి.

మొనను ఆకురాయితో రాయడం: ఒక్క మిల్లీమీటరు పరిధిలో పనిచేసే భాగాన్ని కంటి అంచనాతో సరిచేయలేం.

మేకుతో, సైకిల్ పుల్లతో పిన్ చేయించడం: మేకు మెత్తని ఇనుము. దెబ్బలకు దాని తల పుట్టగొడుగులా విచ్చుకుని రంధ్రంలో ఇరుక్కుంటుంది. అలాగని ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి వదిలేస్తే గాజులా పెళుసవుతుంది. గట్టిపరచిన తరవాత తగిన వేడితో తిరిగి మృదుపరచాలి. ఊరి కొలిమిలో కొడవలికి సరిపడే పదును పిన్‌కు సరిపోదు.

తూటా విషయంలో అజాగ్రత్త: పాత తుపాకుల్లో తూటా అర చాలావాటికి రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. అందులో 70 మిల్లీమీటర్ల తూటా కూడా దూరుతుంది. కాని పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక పీడనం పెరుగుతుంది. మెలితిప్పిన ఇనుప పట్టీలతో చేసిన ‘డమాస్కస్’ గొట్టాలు నల్లమందు కాలానివి. పిన్ ఎంత బాగున్నా, నిపుణుడు గొట్టాలను పరీక్షించనిదే అలాంటి తుపాకిని పేల్చకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

3. పిన్‌కు కొబ్బరి నూనె ఎందుకు పనికిరాదు?
4. ప్రైమర్ మీద గుంట నుంచి పక్కకు గీత కనిపిస్తే దాని అర్థం ఏమిటి?

1.8 చట్టం ఏమంటుంది?

భారతదేశంలో తుపాకులకు వర్తించే ప్రధాన చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. దాని అమలుకు 2016 నాటి ఆయుధాల నియమావళి ఉంది. మన అంశానికి సంబంధించి నాలుగు విషయాలు తెలుసుకోవాలి.

మొదటిది: ‘పిన్ తీసేశాం, ఇక ఇది తుపాకి కాదు, అలంకారం’ అని చాలామంది భావిస్తారు. ఇది తప్పు. పాత నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి 45వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. అయితే మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. పిన్ విరిగిన తుపాకి కొత్త పిన్ వేస్తే పేలుతుంది. కాబట్టి దానికి లైసెన్సు ఉండాల్సిందే.

రెండవది: 5వ సెక్షను ప్రకారం ఆయుధాల తయారీ, అమ్మకంతో పాటు మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. పిన్‌ను తుడవడం శుభ్రపరచడం. పిన్‌ను మార్చడం మరమ్మతు. ఆ పనిని లైసెన్సు ఉన్న తుపాకి మరమ్మతుదారుకే అప్పగించాలి.

మూడవది: తాతో, తండ్రో చనిపోయినప్పుడు తుపాకి వారసత్వంగా ఇంట్లో ఉండిపోతుంది. లైసెన్సు లేని వారసుడు దాన్ని ఉంచుకోకూడదు. అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులో, లేదా లైసెన్సు ఉన్న డీలరు వద్ద జమచేసి, తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి.

నాలుగవది: తుపాకి లైసెన్సు వేట అనుమతి కాదు. చేలో పడే కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టల నుంచి దిగే ఎలుగుబంటి కూడా రక్షిత జంతువే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, పంటకు నష్టం చేసే జంతువును చంపాలన్నా అధీకృత అధికారి ఉత్తర్వు ఉండాలి.

1.9 సారాంశం

పిన్ తూటా నుంచి తుపాకిలోకి వచ్చినప్పటి నుంచి దాని సంరక్షణ యజమాని బాధ్యత అయింది. దుమ్ము, వంటనూనెలు, పేలుడు మడ్డి, కదలిక లేకపోవడం అనే నాలుగు కారణాల వల్ల అనంతపురం వంటి పొడి ప్రాంతంలో కూడా పిన్ ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న పిన్ వల్ల తుపాకి పేలకపోవచ్చు, మూస్తుండగానే పేలనూవచ్చు. ప్రైమర్ మీది గుర్తులు లోపాన్ని ముందుగానే తెలియజేస్తాయి. కిరోసిన్‌తో కడగడం, ఖనిజ నూనె ఒక చుక్క వేయడం యజమాని చేయదగిన పని. అంతకు మించినది లైసెన్సు ఉన్న నిపుణుడి పని. పిన్ లేకపోయినా తుపాకి చట్టం దృష్టిలో తుపాకే.

1.10 కీలక పదాలు

ఫైరింగ్ పిన్: సుత్తి దెబ్బను ప్రైమర్‌కు చేర్చే ఉక్కు కడ్డీ.
ప్రైమర్: తూటా అడుగు మధ్యలో ఉండి, నొక్కితే నిప్పు పుట్టించే చిన్న టోపీ.
వెనుక పలక: గొట్టాల వెనుక భాగాన్ని మూసే ఉక్కు తలం. పిన్ రంధ్రాలు ఇందులోనే ఉంటాయి.
సగం పట్టు: సుత్తి పిన్‌ను తాకకుండా మధ్యలో నిలిచే స్థితి.
రీబౌండింగ్: దెబ్బ తరవాత సుత్తి తానుగా వెనక్కు వచ్చే ఏర్పాటు.

1.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. సుత్తి తుపాకిలో పిన్ పనిచేసే తీరును వివరించి, ఇరుక్కున్న పిన్ వల్ల కలిగే ప్రమాదాలను చర్చించండి.
2. అనంతపురం వాతావరణం పిన్ మీద చూపే ప్రభావాన్ని విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ప్రైమర్ మీది గుర్తులను బట్టి లోపాలను ఎలా గుర్తిస్తారు?
2. ‘పిన్ లేని తుపాకికి లైసెన్సు అక్కరలేదు’ అనే అభిప్రాయాన్ని పరిశీలించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు

1. లెఫొషే తూటాలో పిన్ను తూటాతోనే వస్తుంది. ప్రైమర్ మధ్యలో ఉండే తూటాకు పిన్ తుపాకిలో ఉంటుంది.
2. పదునైన మొన ప్రైమర్‌కు చిల్లు చేస్తుంది. వేడి వాయువు వెనక్కు వస్తుంది.
3. సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టి చలి రాత్రుల్లో పిన్‌ను కదలనివ్వదు.
4. తుపాకి తెరిచేటప్పుడు పిన్ వెనక్కు పోవడం లేదని అర్థం.